రాని నిప్పురవ్వ

మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత మోటారు స్కూటర్‌ను కార్ఖానా బస్తీలోని ఇంటి ముందు విప్పి పెట్టుకొని, యేసురాజు పొద్దుటి నుంచి వైర్లు తడుముతున్నాడు.

యూనియన్ సైన్యం హైదరాబాదు మీదికి బయలుదేరిందన్న వార్త గుప్పుమంది. బస్సులు ఆగిపోయాయి. భువనగిరి దగ్గర పల్లెలో అతని అన్న ఒక్కడే జ్వరంతో పడి ఉన్నాడు. ఆ చుట్టుపక్కల రజాకార్లు ఇళ్లు తగలబెడుతున్నారట.

ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాడు. నిప్పురవ్వ రాలేదు.

"ఏం సమజైతలేదు," అన్నాడు భార్యతో.

గుమ్మంలో ప్రార్థన చేసుకుంటున్న దేవకృప మధ్యాహ్నానికి లేచి వచ్చింది. కొంగుముడి విప్పి ఒక వైరు ముక్క అతని చేతిలో పెట్టింది.

"బ్యాటరీ కాడిది. రాత్రి నేనే తీసిన. నువ్వు పోతే మళ్ల రావని భయమైంది. దేవుడు నన్ను క్షమించాలె. పో, బావను తీస్కరా."

యేసురాజు ఆ వైరు బిగించాడు. ఆమె చూస్తుండగా కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"ఇంకేం తక్లీఫుందో," అంది ఆమె ఏడుస్తూ.

అతను తలెత్తలేదు. తెల్లారకముందే స్కూటర్‌లోంచి తానే పీకిన కాయిల్ వైరు లాగు జేబులో తొడకు గుచ్చుకుంటోంది.