వాగుడుకాయ

“బొమ్మను తలకిందులుగా పెట్టానే! ఒక్కడైనా ‘ఇదేంటి’ అని అడిగాడా?” అంటూ చిన్నవాడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

అతని భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. “ఏ బొమ్మ?”

“మన సిస్టమ్ ఆన్ చెయ్యగానే తెర మీద వచ్చే కొండల బొమ్మ. కొత్త వెర్షన్‌లో కావాలనే తిరగేశాను. వేలమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. వీళ్ళు మనుషులే అంటావా?”

“మనుషులు కాకపోతే దెయ్యాలా?”

“అంతా దొంగ జనం. ఎవరో మన మీద మనుషుల్లా నటించే యంత్రాలను తోలుతున్నారు. ఎవరో ఏంటి, ఆయనే!”

ఆయనంటే అతని అన్నయ్య అని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని తీసుకుని ఎవరి అభిరుచికి తగ్గట్టు వాళ్ళు ఒక సిస్టమ్ తయారుచేసి లోకానికి పంచుకోవచ్చు. కంప్యూటర్లు బాగుచేసే తమ కొట్టు వెనక గదిలో అన్నదమ్ములిద్దరూ కలిసి అలాంటిదే ఒకటి మొదలుపెట్టారు. సగంలో పేచీ వచ్చింది. తెర చూస్తే కళ్ళు చెదరాలన్నాడు పెద్దవాడు. చిన్నవాడికి మరో సరదా. చేతులతో ఏదో రిపేరు చేసుకుంటూనే వినేలా, కంప్యూటర్ తెర మీది ప్రతిదీ పైకి చదివి చెప్పాలన్నాడు. భార్య గొంతు రికార్డు చేసి అందులో పెట్టాడు.

“ఇది సిస్టమా, వాగుడుకాయా?” అని పెద్దవాడు పదిమందిలో నవ్వాడు.

ఆ మాట ముల్లులా దిగింది. చిన్నవాడు కొట్టు వదిలి వచ్చేశాడు. పంతం కొద్దీ తన సిస్టమ్‌కు ‘వాగుడుకాయ’ అనే పేరు పెట్టాడు. పెద్దవాడిది ‘నెమలి’. లోపలి సరుకు రెండింటిదీ ఒకటే. అందంలో మాత్రం నెమలి ముందు వాగుడుకాయ దిగదుడుపే. ఆ సంగతి చిన్నవాడికీ తెలుసు. అలాంటిది, పలకరించే దిక్కు లేకుండా పడున్న వాగుడుకాయ ఉన్నట్టుండి నెమలిని దాటిపోయింది. సంతోషించాల్సిందిపోయి అతనికి నిద్ర కరువైంది.

“వీళ్ళ తీరు చూడు,” అన్నాడు భార్యతో. “రంగులు బాలేవని ఒక్కడూ అనడు. మౌస్ గురించి అడగడు. ఎంతసేపూ నీ గొంతు వేగం పెంచమనే గోల. పెంచాను. చాలదన్నారు. ఇంకా పెంచాను. ఇప్పుడా వాగుడులో నాకే ఒక్క ముక్క అర్థం కాదు. ఆ వేగంలో వినగలిగేది యంత్రాలు కాక ఎవరు?”

“నా గొంతు బాగుందన్నారా?”

“అమ్మ పక్కన కూర్చుని చెప్పినట్టుందట!”

“మరి యంత్రాలకు అమ్మ ఎక్కడిది?”

అంతలో ఫోన్ మోగింది. కొత్తగా చేరిన ఎవరో మెసేజ్ పెట్టారు. ‘నెమలి చేసినాయనే మీది వాడమన్నారు. ఆయనకూ మీకూ దణ్ణం.’

చిన్నవాడి మొహం ఎర్రబడింది. “దొరికాడు! చూశావా? నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నాడు. ఏదో ఒకరోజు ఇదంతా ఉత్తుత్తి జనమని బయటపెట్టి, నలుగురిలో నా పరువు తీస్తాడు.”

“ఇక్కడ కూర్చుని రక్తం ఉడకబెట్టుకునే బదులు, వెళ్ళి ఆయన్నే అడగొచ్చుగా?”

అడగడానికే వెళ్ళాడు. తలుపు తీసిన వదిన అతన్ని చూసి నిలబడిపోయింది.

“ఇన్నాళ్ళకు దారి తెలిసిందా, మరిదీ?”

“దారి ఎప్పుడూ తెలుసు వదినా. మనుషులే అర్థం కావట్లేదు.”

ఆమె ఏదో చెప్పబోయింది. లోపలి గది వైపు చూసి మింగేసింది. “చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నువ్వే వెళ్ళు.”

కుట్ర ఖాయమనుకున్నాడు చిన్నవాడు.

పెద్దవాడు కిటికీ వైపు మొహం పెట్టి కూర్చునున్నాడు. వెనక్కి తిరగలేదు. “నువ్వేనా? రా, కూర్చో.”

ఆ నిర్లక్ష్యానికి చిన్నవాడి ఒళ్ళు మండింది. ఫోన్ తీసి ముందుకు చాపాడు. “ఇది చూడు.”

“నువ్వే చదువు.”

“చూడ్డానికి కూడా నామోషీనా?”

“చదవరా.”

పళ్ళు బిగబట్టి మెసేజ్ చదివాడు. పెద్దవాడు చిన్నగా నవ్వాడు.

“అవును, నేనే పంపాను.”

“ఎందుకు? నన్ను నవ్వులపాలు చెయ్యడానికా?”

“నీదే మంచిది కనక.”

“నెమలి కంటేనా?”

“నెమలిని వదిలేశాను. నేనూ వాగుడుకాయే వాడుతున్నాను.”

“ఎవరి చెవిలో పువ్వులు పెడతావు అన్నయ్యా?”

పెద్దవాడు బల్ల మీది కీబోర్డు తట్టాడు. మరుక్షణం గదిలో చిన్నవాడి భార్య గొంతు గలగలా దొర్లింది. ఎంత వేగమంటే, కట్టుకున్నవాడికే ఒక్క ముక్క అందలేదు. పెద్దవాడు మాత్రం వింటూ నెమ్మదిగా తల ఊపుతున్నాడు.

“అప్పుడు పదిమందిలో నవ్వాను. తప్పే. మరదలి గొంతు లేకపోతే నాకిప్పుడు రోజు గడవదు.”

చిన్నవాడు తడబడ్డాడు. అయినా అనుమానం చావలేదు. “మరి నువ్వు పంపినవాళ్ళంతా ఎవరు?”

“నాలాంటివాళ్ళే.”

“అంటే?”

గుమ్మంలో వదిన మొహం పక్కకు తిప్పుకుంది. చిన్నవాడు బల్ల వైపు చూశాడు. కీబోర్డు ఉంది, స్పీకర్ ఉంది. తెర ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“ఏం నాటకం అన్నయ్యా ఇది? మానిటర్ ఏదీ?”

“చూపు పోయినవాడికి మానిటరెందుకురా?”