స్టెన్‌బర్గ్ మూల

ఊరు ఊరంతా బడి బాస్కెట్‌బాల్ హాల్లో నిలబడి ఉంది. బయట మోకాలి లోతు మంచు. లోపల కాఫీ వాసన, తడి బూట్ల కంపు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో దేశాధ్యక్షుడి ఎన్నికకు పార్టీ అభ్యర్థిని తేల్చే పద్ధతి ఇదీ. చీటీ లేదు, పెట్టె లేదు. ఏ అభ్యర్థి కావాలో ఆ అభ్యర్థి మూలకు పోయి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. నీకు అప్పిచ్చిన బ్యాంకువాడు చూస్తుంటాడు. మీ అత్త చూస్తుంటుంది. రేపు నీ పన్ను పీకబోయే డాక్టరు కూడా చూస్తుంటాడు. దీనికి ఇరుగుపొరుగు ప్రజాస్వామ్యం అని పేరు. పొరుగువాడు గుడ్లప్పగించి చూస్తుంటే మనసులో మాట చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఈ ఎల్క్ ప్రెయిరీ ఊళ్లో మూలలు నాలుగున్నా నిండేది ఒక్కటే. స్టెన్‌బర్గ్ మూల.

స్టెన్‌బర్గ్ ఈ ఊరివాడే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అధ్యక్ష పదవికి దిగుతాడు. రాజధానిని వాషింగ్టన్ నుంచి పీకి మొక్కజొన్న చేల మధ్య పెడతానంటాడు. ఇంటికో పందిపిల్ల ఉచితం అంటాడు. పక్క ఊళ్లో కూడా అతణ్ణి పట్టించుకునేవాడు లేడు. ఇక్కడ మాత్రం అందరూ ఆ మూలలోనే. మనవాడు కదా. కాదంటే రేపు పాల దుకాణంలో మొహం ఎట్లా చూపిస్తాం?

ఆ మూలలో బ్యానరు కట్టేదీ, తలలు లెక్కపెట్టేదీ ఆర్లో. అతని భార్య లవాన్.

లవాన్‌కు ఒకే ఒక్క కోరిక. చచ్చేలోగా ఒక్కసారైనా తనకు నచ్చిన మనిషికి ఓటెయ్యాలి. ఈసారి ఆమెకు నచ్చింది సెనెటర్ మార్క్వార్ట్. కానీ ఆర్లో కళ్లెదుట ఇంకో మూలకు నడవడం ఆమె వల్ల కాదు. అతని మొహం అలా వేలాడితే తను చూడలేదు.

అందుకే పద్ధతినే మార్చాలని పట్టుపట్టింది. చీటీ మీద రాసి వేద్దాం అని మంచులో ఇల్లిల్లూ తిరిగింది. రాత్రి డ్యూటీ నర్సుల పేరు చెప్పింది. చంటిపిల్లల తల్లుల పేరు చెప్పింది. తన పేరు మాత్రం చెప్పలేదు.

ఇంట్లో ఆర్లో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“చీటీ అడిగేవాళ్లు ఏదో దాచుకుంటున్నట్టే.”

“స్నానం చేసేప్పుడు నువ్వు తలుపేసుకోవూ?”

“స్టెన్‌బర్గ్ ఈ ఊరిని ఏనాడూ వదల్లేదు. ఊరు స్టెన్‌బర్గ్‌ని వదులుతుందా?”

“స్టెన్‌బర్గ్ గురించి నాకు చెప్పకు,” అంది లవాన్.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ కుక్కతోనే మాట్లాడారు. కాఫీ అయిందని కుక్కకు చెప్పేది ఆమె. చక్కెర తక్కువైందని కుక్కకు చెప్పేవాడు అతను.

ఏ ఊరి పద్ధతి ఆ ఊరే తేల్చుకోమని రాష్ట్ర పార్టీ చేతులు దులుపుకుంది. అదీ ఈ సాయంత్రం పంచాయితీ. సభకు పెద్ద గ్లెన్నా, ఒకప్పుడు బడి బస్సు నడిపిన మనిషి. ఆమె నిబంధనల పుస్తకం తిరగేసి, ఏ తీర్మానమైనా నిలబడే తేల్చాలని ప్రకటించింది. అంటే, రహస్య ఓటు కావాలనేవాళ్లు అందరూ చూస్తుండగా ఎడమ గోడ దగ్గరకు పోవాలి.

ఇదండీ సంస్కరణ.

లవాన్ ఒక్కతే ఎడమ గోడకు నడిచింది. ఇంకెవరూ కదల్లేదు. అందరికీ ఒక్కసారిగా తమ బూట్లు చూసుకోవాలని బుద్ధి పుట్టింది.

“లవాన్, అక్కడ చలిగా ఉందా?” అన్నాడు పందుల దొడ్డి డ్వేన్. హాలంతా నవ్వింది.

“నిన్నే అడుగుతున్నా డ్వేన్. ఇంటింటికీ పందిపిల్లను ఊరికే పంచితే, నీ పందుల్ని కొనే గాడిద ఎవడు?”

డ్వేన్ నవ్వు ఆగింది. “ఆర్లో ఉన్నాడిక్కడ. కాస్త చూసి మాట్లాడు,” అని గొణిగాడు.

అప్పుడు ఆర్లో కదిలాడు. హాలు మధ్యలోంచి, మెల్లగా, నేరుగా ఆమె వైపు. జబ్బ పట్టుకుని లాక్కుపోతాడనుకుంది లవాన్. పక్కనున్న కుర్చీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆర్లో వచ్చి ఆమె పక్కన గోడకు ఆనుకున్నాడు.

“నేనూ ఇటే,” అన్నాడు పైకప్పు చూస్తూ. “అస్తమానం నిలబడితే మోకాళ్లు పీకుతున్నాయి.”

అంతే, కట్ట తెగింది. ఆర్లోయే పోయాక ఇంకెవరికి మొహమాటం? కుర్చీలు పడేస్తూ ఊరంతా ఎడమ గోడ మీద విరుచుకుపడింది. అందరికంటే ముందు డ్వేన్.

కాగితాలు చింపారు. పెట్టె లేదు కాబట్టి ఖాళీ ఐస్‌క్రీం బకెట్టు తెచ్చారు. పెద్దపెద్ద మనుషులు పరీక్ష రాసే పిల్లల్లా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. లవాన్ రాసింది. వేసింది. పోనీలే, నా ఒక్కటి తగ్గితే ఏం, మిగతా ఊరంతా ఉందిగా అని తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆర్లో ఉండనే ఉన్నాడు.

గ్లెన్నా చీటీలు విప్పింది. మార్క్వార్ట్. మార్క్వార్ట్. ఇంకెవరో గవర్నరు. మళ్లీ మార్క్వార్ట్. అలా అడుగు దాకా వెళ్లింది. బకెట్టు బోర్లించి అడుగున తట్టింది. లోపల తల పెట్టి చూసింది.

“స్టెన్‌బర్గ్,” అని దగ్గింది. “సున్నా.”

హాల్లో ఒక్కరూ తల ఎత్తలేదు. లవాన్ తిట్టించుకోవడానికి సిద్ధపడి మొగుడి వైపు తిరిగింది.

అధ్యక్ష అభ్యర్థి ఆర్లో స్టెన్‌బర్గ్ ఆమె చెవి దగ్గరకు వంగి, “నువ్వూ మార్క్వార్ట్‌కేనా?” అని గుసగుసగా అడిగాడు.