రెండు వాకిళ్ల ఆస్పత్రి

"లోపలికి రా ఓబులయ్యా, కిటికీ దగ్గర నిలబడ్డావేం?" అన్నాడు డాక్టరు కేశవరావు.

"కడుపునొప్పి సార్. ఈడ్నుంచే చూడండి."

కేశవరావుకు నవ్వొచ్చింది. మైదుకూరులో ఆస్పత్రి తెరిచి ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఇద్దరిని సలహా అడిగాడు. మద్రాసు నుంచి వచ్చినాయన రంగుల బోర్డు పెట్టమన్నాడు. ఓబులయ్య మాత్రం, "ఊర్లో రెండు పార్టీలుండాయి సార్. ఒకరు తొక్కిన గడప ఇంకొకరు తొక్కరు. పడమటి గోడకు ఇంకో వాకిలి కొట్టించండి" అన్నాడు. కేశవరావు ఓబులయ్యనే సలహాదారుగా పెట్టుకున్నాడు. ఇప్పుడు రెండు వాకిళ్ల దగ్గరా బెంచీలు నిండుతున్నాయి.

"నువ్వు ఏ పార్టీ కాదు కదయ్యా, నీకేం భయం?"

"అదే సార్ తంటా. నేను ఒక వాకిట్లోంచి వస్తే రెండో పార్టీవోళ్లు ఊరుకోరు." ఓబులయ్య ఊచల మధ్య నుంచి నాలుక చాపబోయి ఆగాడు. "అవునూ, ఎవరూ రాకముందే వచ్చి కూర్చుంటారే, మీరు రోజూ యా వాకిట్లోంచి వస్తాండారు?"

"తూర్పు వాకిట్లోంచి. మా ఇంటికి అదే దగ్గర."

ఓబులయ్య తల పట్టుకున్నాడు.

కేశవరావు వెనక్కి తిరిగేసరికి పడమటి బెంచీ మీదివాళ్లంతా మూలుగుతూనే లేస్తున్నారు. ఒక ముసలమ్మ మందుసీసా తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"నీ మందు నాకెందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసింది నాయనా!"