తగ్గని ఎరుపు

ఆసుపత్రి బోర్డు మీద డాక్టరు పేరు చదివి శివన్న వెనక్కి తిరిగాడు. అతన్ని దింపిన శక్తినగర్ బస్సు అప్పటికే కదిలిపోయింది. ఎడమ కన్ను నిప్పురవ్వ పడ్డట్టు మండుతోంది. టవల్‌తో కన్ను అదిమిపట్టి కాసేపు ఎండలో నిలబడ్డాడు. ఇక తప్పదన్నట్టు లోపలికి నడిచాడు.

శివన్న థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టుల దగ్గర పనిచేస్తాడు. నలుసు పడితే కన్ను నలిపేశాడు. పోతుందిలే అనుకున్నాడు. మర్నాటికి రెప్ప తెరుచుకోలేదు. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ లేచింది.

డాక్టర్ స్ఫూర్తి ఈ మధ్యే బెంగళూరు నుంచి రాయచూరు వచ్చింది. అతని ముఖం ఒక్క క్షణం చూసి, కంట్లోకి లైటు వేసింది.

"పుండు పడింది. బ్యాక్టీరియా చేరింది. గంటగంటకూ చుక్కలు వేయాలి. ఇంట్లో వేయడానికి ఎవరున్నారు?"

"ఎవరు లేరు," అన్నాడు శివన్న. "మా ఇంటామె ఉండె. పోయిన ఏడు గుండె ఆగి పోయింది."

లైటు అతని కంటి మీంచి జారి గోడ మీద పడింది.

"చేతులు కడుక్కుని వస్తాను," అని డాక్టరు లేచింది. పక్కగదిలో కొళాయి చాలాసేపు పారింది.

నర్సు చెన్నవ్వకు జాలేసింది. "పిల్లలు లేరా అన్నా?"

"ఉన్నరు. దూరం. మాటల్లేవు."

డాక్టరు తిరిగి వచ్చి, "అడ్మిట్ చేయండి," అని మాత్రం అంది.

వార్డులో మధ్యాహ్నమైతే పక్క మంచాల దగ్గర క్యారియర్లు తెరుచుకునేవి. జొన్నరొట్టె, పుంటికూర వాసన వచ్చేది. ఎవరి మనుషులు వాళ్ల పక్కన చేరేవాళ్లు. శివన్న గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అతని మంచం పక్క స్టూలు మీద మందు సీసాలే ఉండేవి.

"డాక్టరమ్మ అందరితోని నవ్వుకుంట మాట్లాడతది. నీ తానికొస్తే గిట్లెందుకైతదో!" అంది చెన్నవ్వ.

"పని ఎక్కువుంటది గదమ్మా," అన్నాడు శివన్న.

రోజులు గడిచాయి. ఎరుపు తగ్గలేదు. వాపు తగ్గలేదు. చూపు మసకమసకగానే ఉంది. ఒకరోజు డాక్టరు పరీక్ష కాగితం పట్టుకుని వచ్చింది.

"క్రిములు చచ్చిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు."

"మరి గీ మంట ఏంది?"

"కంటి కణాల మీద గ్రాహకాలని ఉంటాయి. క్రిమిని గుర్తుపట్టి, రక్తంలోని తెల్లకణాలను సాయానికి పిలవడం వాటి పని. అవి లేకపోతే మీ కన్ను మొదటి రోజే పోయేది. కానీ చచ్చిన క్రిమి ముక్కలు తగిలినా అవి పిలుస్తూనే ఉంటాయి. వచ్చిన కణాలకు కొట్టడానికి శత్రువు ఉండదు. కంటినే కరిగించేస్తాయి."

"అంటే ఇప్పుడు నా కన్నుకు నా ఒళ్లే పగ," అన్నాడు శివన్న.

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"ఆపేదెట్ల?"

"స్టెరాయిడ్ చుక్కలతో. మొదట్లోనే వేసుంటే ఒంటి కాపలా నిద్రపోయి క్రిములు పెరిగిపోయేవి. ఇప్పుడు వేయొచ్చు. అయినా కొంచెం భయమే. ఒప్పుకుంటారా?"

"మీ చేతుల పెట్టిన, డాక్టరమ్మా. ఏం చేసినా సరే."

నర్సును పిలవకుండా ఆమే చుక్క వేసింది. గురి తప్పి మందు చెంప మీదికి జారింది. దూదితో తుడిచి మళ్లీ వేసింది.

మంట మెల్లగా దిగింది. ఆ కంటికి ముందు కిటికీ కనిపించింది. తర్వాత ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించాయి. ఆ తర్వాత డాక్టరు ముఖం. కణత దగ్గర అప్పుడే నెరుస్తున్న వెంట్రుకలు. శివన్న చూస్తూ ఉండిపోయాడు. ఆమే ముఖం తిప్పుకుంది.

ఇంటికి పంపే రోజు గోడ మీది అక్షరాలన్నీ చదివించింది.

"చిన్న మచ్చ మిగులుతుంది. చూపుకు అడ్డం రాదు. చుక్కలు ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ రండి. డ్యూటీకి వెళ్లొచ్చు."

"ఇంక రోజు రాకున్నా నడుస్తదా?"

"నడుస్తుంది."

కన్ను బాగైనందుకు సంతోషించాలని అతనికి తెలుసు. తాళం వేసి వచ్చిన క్వార్టరు గుర్తొచ్చింది. సంచీ చంకన పెట్టుకున్నాడు. ఏదో అడగబోయి మానేశాడు. "పోయొస్త, డాక్టరమ్మా," అన్నాడు.

చెన్నవ్వ తర్వాతి పేషెంటును పిలవడానికి బయటికి వెళ్లింది. గదిలో వాళ్లిద్దరే మిగిలారు. శివన్న తలుపు మీద చెయ్యి వేశాడు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"చివర్ల అమ్మ నన్ను యాది చేసిందా, నాయినా?"