ఐదు మీసాల సైన్యం

“నా సినిమాకు మెరుగు పెట్టమంటే పీక పిసికారు గదమ్మా!” అంటూ కుర్చీలోంచి లేచాడు ముసలి డైరెక్టర్ రిఫాత్.

ఇస్తాంబుల్‌లోని ఆ చిన్న హాల్లో, అతని పాత అంతరిక్ష యుద్ధం తెర మీద అద్దంలా మెరుస్తోంది. క్యాసెట్‌లో మసకమసకగా ఉండే శత్రు సైనికులకు ఇప్పుడు ముఖాలొచ్చాయి. ఐదుగురిదీ ఒకటే ముఖం. మీసాలే వేరు.

“చచ్చినవాడే మీసం మార్చుకొచ్చి మళ్లీ చస్తున్నాడు. రేపు ఈ కొత్త డిస్కు కొన్నవాళ్లు నవ్విపోరూ? ఆ ముఖం మసక చెయ్యమ్మా.”

ప్రింటు బాగుచేసిన సెవ్గి నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. “చేస్తాను. ముందు వెనక్కి చూడండి, ఎవర్ని పిలిచానో.”

వెనక వరుసలో ఆ ముఖమే, ముడతలు పడి, కూర్చుని ఉంది. పేరు హుస్ను. పక్కన భార్య ఫెరిదే పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

“సినిమాలో వేశానని పెళ్లినాటి నుంచీ చెబుతున్నాడన్నా. క్యాసెట్ అరిగేదాకా వెతికాను, కనిపిస్తేనా? కోతలరాయుడని పిల్లల ముందే అనేశాను.”

“మూడోసారి బాగా చచ్చాను, చూశావా?” అన్నాడు హుస్ను మీసం దువ్వుతూ.

రిఫాత్‌కు గుర్తొచ్చింది. సైన్యాన్ని పెట్టే స్తోమత లేక, ఎండలో వీణ్నే లేపి లేపి చంపాడు. సైన్యమంతా తానే అయినవాడికి తెర మీద పేరైనా వెయ్యలేదు. అతనికీ నవ్వు తన్నుకొచ్చింది.

“సెవ్గీ, మసకా గిసకా వద్దు. చివర్లో వీడి పేరు వెయ్యి. ఎన్నిసార్లు చచ్చాడో అన్నిసార్లు వెయ్యి. ఇప్పుడే, నా కళ్లముందే.”