కేబుల్ మీది అడుగులు

తెర మీద ఊరంతా సద్దుమణిగినట్టుంది, ఒక్క గీత తప్ప.

"మళ్ళీ తయారయ్యాడు!" అంది లినెట్ విసుగ్గా.

పెన్సిల్వేనియాలోని ఆ యూనివర్సిటీ ఊళ్ళో, రోడ్ల కింద పాతిన ఇంటర్నెట్ కేబులే ఆమె పరికరం. పైన కారు వెళ్ళినా, మనిషి నడిచినా ఆ కేబుల్లో పారే వెలుతురు అదిరి, తెర మీద గీతగా కనిపిస్తుంది. కరోనాకి మూతపడ్డ ఊరు ఎంత నిశ్శబ్దమైందో ఆమె కొలుస్తోంది.

వీడియోలో సహోద్యోగి వార్డ్ నవ్వాడు. "ఎవడో మొండిఘటం. మనం ఇళ్ళలో మగ్గుతుంటే వీడికి షికార్లు!"

"నా గ్రాఫంతా పాడు చేస్తున్నాడు."

ఆమె క్యాంపస్ సెక్యూరిటీకి ఫోన్ చేసింది.

మర్నాడు గార్డు డ్వైట్ చెప్పాడు.

"పట్టుకున్నానండీ. క్లైడ్ బ్రూబేకర్ అని, ముసలాయన. వృద్ధాశ్రమానికి పోతున్నాడు. లోపలికి రానివ్వరుగా, కిటికీ బయటే నిలబడి మాట్లాడి వస్తాడట. వాళ్ళావిడని అక్కడే చేర్చారని విన్నాను."

"ఫోన్లో మాట్లాడుకోమను. క్యాంపస్ దారి మూసేశామని బోర్డు కనపడలేదా?"

"చుట్టుదారంటే గుట్ట ఎక్కాలండీ. ఆయన మోకాళ్ళు చూస్తే..."

"రూలంటే రూలే, డ్వైట్."

గేటుకి తాళం పడింది. గీత మాయమైంది.

"అబ్బ! ఇప్పుడెంత శుభ్రంగా ఉందో!" అన్నాడు వార్డ్.

వేసవిలో ఆమె పరిశోధన అచ్చయింది. అభినందనలు వెల్లువెత్తాయి. ఆ వారమే ఊరి పత్రికలో బ్రూబేకర్ మరణవార్త కనిపించింది.

లినెట్ పత్రిక మడిచి లేచింది. పూలు కొనుక్కుని వృద్ధాశ్రమానికి వెళ్ళింది.

మాస్కు వేసుకున్న నర్సు రోండా గుమ్మంలోనే ఆపింది.

"ఎవరికమ్మా ఇవి?"

"బ్రూబేకర్ గారి భార్యకి. ఆయన్ని ఆ దారిన రాకుండా చేసింది నేనే. ఆవిడని క్షమాపణ అడగాలి."

రోండా తల అడ్డంగా ఊపింది.

"ఊరు మూసేసిన మొదటి వారంలోనే ఆవిడ పోయిందమ్మా."

"మరి ఆయన రోజూ ఎవరి కోసం..."

పూలు అందుకోకుండానే రోండా తలుపు మూయబోతూ అంది.

"చూడ్డానికి ఎవరూ రానివాళ్ళు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు, వాళ్ళందరికీ ఆయనొక్కడే చుట్టం."