జుట్టుకి బిందె

హేమకి ఇరవై మూడేళ్లు. ఏడాదిగా తల ఒకటే దురద. దువ్వితే గుప్పెడు జుట్టు చేతికొస్తోంది. విజయనగరం డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. ఫోను చూడ్డం వల్లేనని మామ్మ అసిరమ్మ తేల్చేసింది.

తిట్టిందే గాని, రాలిన జుట్టు మాత్రం పారేయనివ్వలేదు. హేమదీ తనదీ కలిపి ఉండలు చుట్టి, సంచిలో దాచింది.

ఆ పొద్దున వీధిలో, "ఎంట్రుకలకి స్టీలు సామాన్లమ్మా!" అని కేక వినిపించగానే సంచితో గుమ్మంలోకి వచ్చింది.

సామాన్లవాడు ఉండలు తూచాడు. ఏటా గ్లాసిచ్చేవాడు ఈసారి బిందె తీశాడు.

"సూడే, బిందె!" అంది అసిరమ్మ మనవరాలితో.

"మీకొక్కలికే కాదు మామ్మా. ఈ ఏడు మీ ఈదంతా ఇంటికో బిందె ఇచ్చాను," అన్నాడతను తక్కెడ సర్దుకుంటూ. "నూతి నీళ్లు వాడుకునే కింద ఈదిలో ఎప్పట్లాగే గలాసులు. మీకు కొత్త బోరు ఏసి ఏడాదయినాదా?"

హేమ గుమ్మం పక్కనున్న బోరు కుళాయి వైపు చూసింది. అసిరమ్మ తన ముడి తడుముకుంది. ఉసిరికాయంత ఉంది.

"నాది ముసిలితనం అనుకున్నానురా," అంది.

హేమ కొత్త బిందె చంకనెత్తుకుని కింద వీధి నూతికి బయలుదేరింది.

"అయితే వచ్చే ఏడు ఇక్కడా గలాసులే," అని సామాన్లవాడు సైకిలెక్కాడు.